కృష్ణబిలాల జంటలు, పల్సార్ గడియారాలు: 2023లో అసలు దొరికిందేమిటి?

మాస్టారూ, నమస్కారం. మీరు రాసిందాన్ని కుదించి చెప్తే ప్రశ్న ఇదీ: 2023 జూన్ చివర్లో "విశ్వమంతా కృష్ణబిలాల హోరు" అంటూ పేపర్లలో వార్తలొచ్చాయి. అవి చదివి మీ ఇంటర్ సెకండియర్ పిల్లలు మూడు సందేహాలు అడిగారు. అమెరికాలోని లైగో పరికరం 2015లోనే గురుత్వ తరంగాలను (స్థలాన్నే సాగదీస్తూ, కుదిస్తూ పోయే అలలను) పట్టింది కదా, మళ్లీ కొత్తగా ఏం దొరికింది? రెండు గెలాక్సీలు ఢీకొంటే వాటి మధ్యలోని కృష్ణబిలాలు ఏమవుతాయి? ఇంతకీ ఇది రుజువైనట్టేనా?

పన్నెండేళ్లకు పైగా నా పని పల్సార్ల (గడియారంలా నిలకడగా కొట్టుకునే నక్షత్రాల) సిగ్నల్ ఏ క్షణాన భూమికి చేరిందో లెక్కకట్టడమే. అందులో ఎక్కువ కాలం పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ డేటాతోనే గడిచింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. పిల్లలు అడిగిన రెండో ప్రశ్నే మిగతా రెంటికీ మూలం. ముందు దాన్ని అందుకుంటాను.

పెద్ద గెలాక్సీ ఏది తీసుకున్నా దాని నడిబొడ్డున ఒక మహా కృష్ణబిలం ఉంటుందన్నది ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకునే మాట. మన పాలపుంత మధ్యలో ఉన్నది సుమారు 43 లక్షల సూర్యులంత బరువు. దాని చుట్టూ తిరిగే నక్షత్రాలను ఏళ్ల తరబడి గమనించి ఈ సంగతి తేల్చినందుకే రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు 2020 నోబెల్‌లో వాటా దక్కింది. 2019 ఏప్రిల్‌లో మనమంతా ఫోన్లలో చూసిన ఆ నారింజ రంగు ఉంగరం ఎం87 గెలాక్సీలోది. దాని బరువు 650 కోట్ల సూర్యులు.

గెలాక్సీలు ఒకదాన్నొకటి ఢీకొని కలిసిపోతాయన్న సంగతి కూడా పాతదే. హబుల్ తీసిన ఫొటోల్లో ఆ దృశ్యాలు బోలెడు. నక్షత్రాల మధ్య ఖాళీ ఎంత ఎక్కువంటే, గెలాక్సీలు ఢీకొన్నా నక్షత్రాలు ఒకదానికొకటి తగలవు. ఒక గుంపు ఇంకో గుంపులోంచి దాటిపోతుందంతే. కృష్ణబిలాలకు మాత్రం అంత సులువుగా దాటిపోవడం కుదరదు. కోట్ల సూర్యుల బరువున్న వస్తువు నక్షత్రాల గుంపులోంచి వెళ్తుంటే, అది తన వైపు లాగిన నక్షత్రాలు దాని వెనకాల పోగవుతాయి. ఆ పోగైన బరువు దాన్ని వెనక్కి లాగుతుంది. జాతరలో పేరున్న మనిషి నడుస్తుంటే చుట్టూ జనం మూగి, ఆయన నడక నెమ్మదించడం చూసే ఉంటారు. ఈ ప్రభావాన్ని 1943లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్కకట్టి చూపించారు. చంద్రశేఖర్ అనగానే క్లాసులో శ్వేత కుబ్జ నక్షత్రాల పరిమితి ఒక్కటే చెప్పి ఊరుకుంటాం. ఈసారి ఇదీ చెప్పండి.

అలా వేగం పోగొట్టుకుంటూ రెండు కృష్ణబిలాలూ కొత్తగా ఏర్పడిన గెలాక్సీ కేంద్రం వైపు దిగుతాయి. ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెడతాయి. ఎన్‌జీసీ 6240 అనే గెలాక్సీలో చురుగ్గా ఉన్న రెండు కృష్ణబిలాలు సుమారు 3,000 కాంతి సంవత్సరాల ఎడంలో ఉన్నట్టు చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్ 2002లో చూపించింది. 0402+379 అని పిలిచే ఇంకో చోట ఆ ఎడం 24 కాంతి సంవత్సరాలే. ఇంతవరకూ మనం కళ్లతో చూసినట్టే లెక్క.

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. బాగా దగ్గరకొచ్చిన జంట, పక్కనుంచి పోయే నక్షత్రాలను వడిసెలతో రాయి విసిరినట్టు దూరంగా విసిరేస్తుంది. ఒక్కో నక్షత్రం పోతూ పోతూ జంట శక్తిలో కొంత పట్టుకుపోతుంది, జంట మరికాస్త దగ్గరవుతుంది. కానీ విసరడానికి అందుబాటులో ఉన్న నక్షత్రాలు ఎన్నని? ఊట కంటే తోడకం ఎక్కువైన బావిలా ఆ ప్రాంతం ఖాళీ అవుతుంది. అప్పటికి జంట మధ్య దూరం ఒక పార్సెక్, అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాల దరిదాపుల్లో ఉంటుంది. గురుత్వ తరంగాల రూపంలో శక్తి గట్టిగా పోవాలంటే దూరం అందులో నూరో వంతుకు తగ్గాలి. అంత దూరం ఎవరు తగ్గిస్తారు? ఎవరూ తగ్గించకపోతే విశ్వం వయసైన 1,380 కోట్ల ఏళ్లు గడిచినా ఆ జంట అక్కడే తిరుగుతూ ఉండిపోవాలి. 1980లో బెగెల్మన్, బ్లాండ్‌ఫోర్డ్, రీస్ ఈ చిక్కును ఎత్తి చూపారు. మా వాళ్లు దీన్ని 'ఫైనల్ పార్సెక్ ప్రాబ్లం' అంటారు.

దీనికి పరిష్కారాలు చాలామంది సూచించారు. కలిసిన గెలాక్సీ గుండ్రంగా కాకుండా వంకరటింకరగా ఉంటే కొత్త నక్షత్రాలు లోపలికి వస్తూనే ఉంటాయని కొందరు, చుట్టూ ఉన్న వాయువు జంటను దగ్గరకు తోస్తుందని కొందరు, మూడో గెలాక్సీ వచ్చి కలిస్తే దాని కృష్ణబిలం ఈ ఇద్దరినీ కదిలిస్తుందని ఇంకొందరు. అన్నీ కంప్యూటర్లో బాగానే పనిచేస్తాయి. నిజంగా ఆకాశంలో ఏం జరుగుతోందన్నది మాత్రం నలభై ఏళ్లకు పైగా తేలలేదు. అంత దగ్గరకొచ్చిన జంటను రెండు చుక్కలుగా విడదీసి చూపించే టెలిస్కోప్ మన దగ్గర లేదు మరి. 2023 ఫలితం విలువంతా ఇక్కడే ఉంది. కనీసం కొన్ని జంటలైనా ఆ ఆఖరి అడ్డంకిని దాటి దగ్గరవుతున్నాయని చెప్పే మొదటి ఆధారం అది. పేపర్లు 'హోరు' మీద పడి ఈ మాట వదిలేశాయి. నాకు బాధ కలిగించేది అదే.

ఇక్కడ మీ క్లాసులో బోర్డు మీద చేయించదగ్గ లెక్క ఒకటుంది. ఒక్కోటి 100 కోట్ల సూర్యుల బరువున్న రెండు కృష్ణబిలాలు 10 ఏళ్లకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయనుకోండి. కెప్లర్ మూడో నియమం వాడండి. దూరం భూమి-సూర్యుల దూరంలో, కాలం ఏళ్లలో, బరువు సూర్యుల్లో తీసుకుంటే దూరం ఘనం అంటే బరువును కాలం వర్గంతో గుణించడమే. 200 కోట్లను 100తో గుణిస్తే 20,000 కోట్లు. దాని ఘనమూలం సుమారు 5,850. అంటే భూమి-సూర్యుల దూరానికి 5,850 రెట్లు. కాంతికి ఆ దూరం 34 రోజుల ప్రయాణం. మూడేళ్ల కాంతి దూరం దగ్గర ఇరుక్కుపోతాయని భయపడ్డవి, 34 రోజుల కాంతి దూరానికి వచ్చాయన్నమాట. ఒక్క చుట్టులో రెండు అలలు పుడతాయి కాబట్టి ఈ జంట నుంచి వచ్చే గురుత్వ తరంగం ఒక్కటి మనల్ని పూర్తిగా దాటడానికి 5 ఏళ్లు పడుతుంది.

లైగోకీ దీనికీ తేడా ఏమిటన్న మొదటి ప్రశ్నకు జవాబు ఈ 5 ఏళ్లలోనే ఉంది. 2015 సెప్టెంబర్ 14న లైగో పట్టినవి 36, 29 సూర్యుల బరువున్న చిన్న కృష్ణబిలాలు. చచ్చిపోయిన నక్షత్రాల అవశేషాలు. అవి ఢీకొనే ఆఖరి క్షణంలో వచ్చిన సిగ్నల్ 0.2 సెకన్లలో అయిపోయింది. దాన్ని పట్టడానికి 4 కిలోమీటర్ల గొట్టాలు సరిపోయాయి. 5 ఏళ్లు పట్టే అల పొడవు 5 కాంతి సంవత్సరాలు. దానికి భూమ్మీద ఎంత పెద్ద గొట్టం కట్టినా చాలదు. గెలాక్సీ అంత పరికరం కావాలి. ఆ పరికరాన్ని ప్రకృతే అమర్చి పెట్టింది, పల్సార్ల రూపంలో.

పల్సార్ అంటే వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుడి కంటే ఎక్కువ బరువు, వెడల్పు ఇరవై, పాతిక కిలోమీటర్లు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు లోపల హాయిగా పడుతుంది. దాని ధ్రువాల దగ్గర్నుంచి వచ్చే రేడియో వెలుగు, లైట్‌హౌస్ దీపంలా చుట్టు చుట్టుకీ మన వైపు తిరుగుతుంది. 1967లో జాస్లిన్ బెల్ కనిపెట్టిన మొదటి పల్సార్ 1.3 సెకన్లకోసారి కొట్టుకునేది. 1982లో సెకనుకు 642 సార్లు తిరిగేది ఒకటి దొరికింది. మాకు పనికొచ్చేవి ఈ రెండో రకం, మిల్లీసెకన్ పల్సార్లు. వీటి తిరుగుడు ఎంత నిలకడంటే, పదేళ్ల తర్వాత ఫలానా రోజు ఫలానా గంటకు వచ్చే పల్స్ ఏ మైక్రో సెకన్‌లో వస్తుందో ఈరోజే చెప్పగలం.

ఇప్పుడు ఆలోచన చూడండి. మనకూ పల్సార్‌కూ మధ్య గురుత్వ తరంగం దాటితే ఆ స్థలం రవ్వంత సాగి, రవ్వంత కుదించుకుంటుంది. పల్స్ అనుకున్న క్షణం కంటే కాస్త ముందో వెనకో వస్తుంది. ఎంత ముందు వెనకలు? పదేళ్లు పైబడిన కాలంలో కొన్ని వందల నానో సెకన్లు. ఒక నానో సెకన్ అంటే సెకన్లో వంద కోట్లో వంతు.

పని ఎంత కష్టమో చెప్పడానికి ఒక్క పల్సార్‌ను దగ్గర పెట్టుకుని చూద్దాం. దాని పేరు జె1909-3744. పేరులో ఉన్నది ఆకాశంలో దాని చిరునామానే. ఇది సెకనుకు 339 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 2.95 మిల్లీ సెకన్లు. దీని పల్స్ సన్నగా, సూదిమొనలా ఉంటుంది. మాలో చాలామందికి ఇదంటే ప్రత్యేకమైన ఇష్టం. టైం కొలవడానికి ఇంతకంటే మంచి పల్సార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దీని పల్స్ టెలిస్కోప్‌కు చేరిన క్షణాన్ని అణు గడియారంతో రాసుకుంటాం. అక్కడితో అవ్వదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది కాబట్టి పల్స్ ఒక కాలంలో 8 నిమిషాల దాకా ముందు, ఇంకో కాలంలో అంతే వెనక వస్తుంది. కాబట్టి ప్రతి కొలతనూ సౌరకుటుంబం మొత్తం ద్రవ్యరాశి కేంద్రం దగ్గర కొలిచినట్టుగా మార్చుకోవాలి. ఆ కేంద్రం సూర్యుడి నడిమధ్యలో ఉండదు. గురుడు, శని లాగే కొద్దీ అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. 100 నానో సెకన్లలో కాంతి వెళ్లే దూరం 30 మీటర్లే. గురుడి కక్ష్యలో కొద్దిపాటి తప్పున్నా ఆ తప్పు మా లెక్కలో గురుత్వ తరంగం వేషం వేసుకుని కనిపిస్తుంది. అమెరికా జట్టు వాళ్లు ఈ ఒక్క విషయం మీదే కొన్నేళ్లు కుస్తీ పట్టారు.

తర్వాతది మధ్యలోని ఎలక్ట్రాన్లు. నక్షత్రాల మధ్య ఖాళీ అంటాం గానీ అక్కడ అక్కడక్కడా ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటిలోంచి వచ్చేటప్పుడు తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం ఎక్కువ ఆలస్యమవుతుంది. జె1909నే తీసుకుంటే, 1,400 మెగాహెర్ట్జ్ దగ్గర పల్స్ వచ్చిన పావు సెకన్ తర్వాత గానీ అదే పల్స్ 400 మెగాహెర్ట్జ్ దగ్గర రాదు. ఆ పావు సెకన్లో పల్సార్ 80 సార్లకు పైగా తిరిగేసి ఉంటుంది! మేం వెతికేది వంద నానో సెకన్ల తేడా కోసం. పావు సెకన్ ఆలస్యాన్ని అంత ఖచ్చితంగా తీసేయాలి. అది ఎప్పుడూ ఒకేలా ఉంటే తీసేయడం తేలికే, కానీ దారిలో ఎలక్ట్రాన్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఆలస్యమూ వారం వారం మారుతుంది.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో జరిగిందొకటి చెప్తాను. ఈ పల్సార్ డేటాలోనే, గ్రాఫ్ మీద చుక్కలు ఏటా ఒకచోట పైకి లేచి మళ్లీ దిగుతున్నాయి. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆ లేవడం సుమారు 10 మైక్రో సెకన్లు, మేం వెతికేదానికి వంద రెట్లు. రెండు రాత్రులు నిద్రపోలేదు. సాఫ్ట్‌వేర్లో తప్పుందా, గడియారంలో తప్పుందా అని అన్నీ తిరగేశాను. మూడో రోజు మా గైడ్ గారు గ్రాఫ్ చూసి ఒకటే అడిగారు: "ఈ గుట్టలు ఏ తారీఖున లేస్తున్నాయమ్మా?" చూస్తే ప్రతి ఏడూ జనవరి మొదటి వారం. సంక్రాంతికి ముందు ఆ రోజుల్లో సూర్యుడు ఆకాశంలో ఈ పల్సార్‌కు 15 డిగ్రీల దగ్గరికి వస్తాడు. పల్సార్ సిగ్నల్ సౌర పవనం చిక్కగా ఉన్న చోటులోంచి రావాల్సి వస్తుంది. అక్కడి ఎలక్ట్రాన్ల వల్ల వచ్చిన ఆలస్యం అది. ఆయన అడిగింది చిన్న ప్రశ్నే. కానీ ఆరోజు నుంచి ఏ గ్రాఫ్ చూసినా ముందు తారీఖు చూడటం నాకు అలవాటైపోయింది.

మన జీఎంఆర్‌టీ పాత్ర సరిగ్గా ఇక్కడే. నారాయణ్‌గావ్ దగ్గర ఖోడద్ ఊరి చుట్టుపక్కల, ఒక్కోటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. 14 మధ్యలో గుంపుగా, మిగతా 16 మూడు వైపులా చేతులు చాచినట్టు 25 కిలోమీటర్ల దాకా పరుచుకుని ఉంటాయి. గోవింద్ స్వరూప్ గారు సన్నటి స్టీలు తీగల వలతో తేలిగ్గా, చవకగా డిష్ కట్టొచ్చని చూపించి దీన్ని నిలబెట్టారు. అప్‌గ్రేడ్ అయ్యాక ఈ టెలిస్కోప్ ఒకే పల్సార్‌ను ఒకే సమయంలో 300-500 మెగాహెర్ట్జ్‌లోనూ, 1,400 దగ్గరా చూడగలదు. కొన్ని డిష్‌లను ఒక బ్యాండ్‌కు, కొన్నిటిని ఇంకో బ్యాండ్‌కు పెడతాం. ఎలక్ట్రాన్ల ఆలస్యం తక్కువ ఫ్రీక్వెన్సీలోనే బాగా తెలుస్తుంది. ప్రపంచంలో మిగతా పెద్ద జట్లు ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో కొలుస్తాయి. వాళ్లకు లేని ముక్క మన దగ్గరుంది. అందుకే ఇండియన్ పల్సార్ టైమింగ్ అరే, అంటే ఇన్‌పీటీఏ, మూడున్నరేళ్ల పాటు 14 పల్సార్ల మీద తీసిన డేటా యూరప్ వాళ్ల పాతికేళ్ల డేటా పక్కన నిలబడగలిగింది. 2025లో విడుదల చేసిన రెండో విడతలో 27 పల్సార్లు, సుమారు 7 ఏళ్ల కొలతలు ఉన్నాయి. ఈ జట్టులో మన సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. విశ్లేషణలో కొంత అక్కడి పరమ్ సేవ సూపర్ కంప్యూటర్ మీదే నడిచింది. ఈ సంగతి తెలుగు పిల్లలకు తెలియాలని నాకు గట్టిగా ఉంది.

(పల్సార్లు ఎంత నిలకడైనవైనా ఒక్కోసారి తేడా చేస్తాయి. 2021 ఏప్రిల్ మధ్యలో జె1713+0747 అనే పల్సార్ పల్స్ ఆకారమే మారిపోయింది. అందరూ నమ్ముకున్న గడియారాల్లో అదొకటి. ఆ మార్పును రిపోర్ట్ చేసిన వాళ్లలో జీఎంఆర్‌టీ జట్టు కూడా ఉంది.)

ఇంత చేసినా ఒక్క పల్సార్‌తో ఏదీ తేలదు. ఒక్కదాని గ్రాఫ్ మెల్లగా పైకో కిందికో పోతుంటే, ఆ పల్సార్ తిరుగుడులోనే ఏదో చిన్న తేడా అయ్యుండొచ్చు. పిల్లలకు మీరు ఏ ఒక్క విషయం చెప్పినా చెప్పకపోయినా ఇది మాత్రం చెప్పండి: రుజువు పల్సార్లలో ఉండదు, పల్సార్ల జతల్లో ఉంటుంది.

చెరువులో జాలరి వల వేసినప్పుడు పైన తేలే బెండ్లు గుర్తుచేసుకోండి. ఒక్క బెండు కదిలితే కింద చేప తగిలిందేమో. అన్నీ ఒక పద్ధతి ప్రకారం లేచి పడుతుంటే చెరువులో అల వచ్చినట్టు. ఆ పద్ధతి ఏమిటన్నదే అసలు విషయం. భూమ్మీద అణు గడియారమే తప్పుగా నడిస్తే అన్ని పల్సార్లూ ఏ దిక్కున ఉన్నా ఒకేసారి ఆలస్యంగా కనిపిస్తాయి. సౌరకుటుంబ కేంద్రం లెక్క తప్పితే, తప్పిన వైపున్న పల్సార్లు ముందు, ఎదురు దిక్కున ఉన్నవి వెనక కనిపిస్తాయి. గురుత్వ తరంగాలైతే ఈ రెండూ కాదు. ఆకాశంలో పక్కపక్కన ఉన్న రెండు పల్సార్లు కలిసి కదులుతాయి. వాటి మధ్య కోణం పెరిగే కొద్దీ ఆ పొత్తు తగ్గి, సుమారు 50 డిగ్రీల దగ్గర సున్నా అవుతుంది. 80 డిగ్రీలు దాటేసరికి ఒకటి ముందొస్తే ఇంకోటి వెనకొచ్చేలా తిరగబడుతుంది. అక్కణ్ణుంచి మళ్లీ పైకి వచ్చి, సరిగ్గా ఎదురెదురుగా ఉన్న జతల్లో మళ్లీ సగం పొత్తు కుదురుతుంది. స్థలం ఒక వైపు సాగుతూ, దానికి అడ్డంగా కుదించుకునే తరంగం మాత్రమే ఇలాంటి గీత గీయగలదు. 1983లో హెలింగ్స్, డౌన్స్ అనే ఇద్దరు ఈ గీతను కాగితం మీద గీశారు. ఆకాశంలో దాన్ని చూడటానికి నలభై ఏళ్లు పట్టింది.

2023 జూన్ 29న నాలుగు జట్లు ఒకేరోజు ఫలితాలు బయటపెట్టాయి. అమెరికా, కెనడాల నానోగ్రావ్ జట్టు 15 ఏళ్ల డేటాలో 67 పల్సార్లను చూసింది. అంటే 2,211 జతలు, మీ పిల్లల చేత కాంబినేషన్స్ సూత్రంతో లెక్క వేయించొచ్చు. ఆ డేటాలో చాలా భాగం అరెసిబో టెలిస్కోప్‌ది. 2020 డిసెంబర్‌లో అది కూలిపోయింది. యూరప్ వాళ్లు, మన ఇన్‌పీటీఏ కలిసి 25 పల్సార్లు. ఆస్ట్రేలియా వాళ్లు పార్క్స్ టెలిస్కోప్‌తో 18 ఏళ్లు. చైనా వాళ్లు ఫాస్ట్ టెలిస్కోప్‌తో మూడున్నరేళ్ల లోపే, కానీ 57 పల్సార్లతో. అందరి డేటాలోనూ అదే గీత తొంగి చూసింది. 2024 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికా మీర్‌కాట్ టెలిస్కోప్ జట్టు 83 పల్సార్లతో నాలుగున్నరేళ్ల కొలతలు బయటపెట్టింది. వాళ్లకూ అదే కనిపించింది.

ఇక మూడో ప్రశ్న, రుజువైనట్టేనా అని. జాగ్రత్తగా చెప్పాలి. ఒక ఫలితాన్ని ఎంత నమ్మొచ్చో సిగ్మాల్లో కొలుస్తాం. మా రంగంలో 'కనిపెట్టాం' అనాలంటే 5 సిగ్మా కావాలి. అంటే ఆ ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం లక్షల్లో ఒకటి. ఇక్కడ నానోగ్రావ్‌కు వచ్చింది మూడున్నర నుంచి నాలుగు సిగ్మా. యూరప్-ఇండియా ఫలితం సుమారు 3. ఆస్ట్రేలియాది 2. చైనాది 4.6. అందుకే ఆ పరిశోధన పత్రాల్లో ఎవరూ 'ఆవిష్కరణ' అనలేదు. ఆ నిగ్రహం నాకు చాలా నచ్చింది. వేర్వేరు టెలిస్కోపులు, వేర్వేరు సాఫ్ట్‌వేర్లు, వేర్వేరు ఖండాల జట్లు ఒకే గీతను చూశాయంటే గురుత్వ తరంగాలు అక్కడ ఉన్నాయనే నా నమ్మకం. అన్ని జట్ల డేటానూ ఒక్కచోట కలిపే పని అంతర్జాతీయ జట్టు చేస్తోంది. ఆ 5 సిగ్మా గీత దాటేది అక్కడే అనుకుంటున్నాను.

తరంగాలు ఉన్నాయన్నది ఒకటి, అవి కృష్ణబిలాల జంటల నుంచే వస్తున్నాయన్నది ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేయకండి. విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో జరిగిన పెద్ద మార్పుల వల్లో, కాస్మిక్ స్ట్రింగ్స్ అనే ఊహాత్మక వస్తువుల వల్లో కూడా ఇలాంటి అలలు రావొచ్చని సిద్ధాంతాలున్నాయి. ఇప్పటి డేటా వాటిని కొట్టిపారేయలేదు. అయినా గెలాక్సీలు కలుస్తాయని తెలుసు, వాటిలో కృష్ణబిలాలు ఉన్నాయని తెలుసు. తెలిసిన కారణం ఇంట్లో ఉండగా తెలియనిదాని కోసం ఊళ్లు తిరగడం దేనికి? నా ఓటు జంటలకే. ఏదో ఒక దిక్కున ఒక్క జంట మిగతావాటి కంటే గట్టిగా వినిపించిన రోజు ఈ వాదన తీరిపోతుంది. ఇప్పటిదాకా వచ్చింది మాత్రం అన్ని దిక్కుల నుంచీ లక్షల జంటల అలలు కలిసిన గోల. పెళ్లి భోజనాల హాలు బయట నిలబడ్డట్టు, మాటలు వినిపిస్తాయి గానీ ఎవరివో తెలియదు. అన్నట్టు, నిజానికి ఏదీ చెవికి వినపడదు. మన చెవికి సెకనుకు కనీసం 20 కంపనాలు కావాలి, ఇక్కడ ఒక కంపనానికి ఏళ్లు.

ఈ అలల బలం ముందు వేసిన అంచనాల్లో పై అంచున ఉంది. అంటే జంటలు అనుకున్నదాని కంటే ఎక్కువైనా ఉండాలి, బరువైనవైనా అయ్యుండాలి. ఇది చూసి కొందరు జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తొలినాటి విశ్వంలో చూస్తున్న అతి బరువైన కృష్ణబిలాలతో ముడిపెట్టేస్తున్నారు. తొందరపడొద్దని నా మాట. వెబ్ చూసేవి విశ్వం పుట్టిన వంద కోట్ల ఏళ్ల లోపువి. మా పల్సార్లను కదిలించే జంటలు చాలావరకు ఆ తర్వాత ఎంతో కాలానికి, మనకు దగ్గర్లో ఉన్న గెలాక్సీల్లోవి. రెంటికీ సంబంధం ఉండొచ్చు, కానీ మధ్యలో వందల కోట్ల ఏళ్ల కథ ఉంది.

పిల్లలు తప్పకుండా అడిగేది మన పాలపుంత గురించి. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా మనల్ని ఢీకొట్టడం ఖాయమని పాఠాల్లో చెప్తూ వచ్చాం. 2025లో వచ్చిన ఒక అధ్యయనం, పక్కనున్న చిన్న గెలాక్సీల లాగుడునీ కొలతల్లోని తప్పులనీ కలిపి లెక్కించి, వచ్చే వెయ్యి కోట్ల ఏళ్లలో ఢీకొనే అవకాశం సుమారు సగానికి సగమే అంది. కాబట్టి నోట్స్‌లో 'ఖాయం' అని ఉంటే దిద్దించండి.

లైగో పట్టే చిన్నవాటికీ, పల్సార్లు పట్టే మహాకాయాలకూ మధ్య లక్షల సూర్యుల బరువున్నవి మిగిలిపోయాయి. వాటి కోసం యూరప్ వాళ్లు లీసా అనే ప్రయోగానికి 2024 జనవరిలో ఆమోదం తెలిపారు. 25 లక్షల కిలోమీటర్ల ఎడంలో మూడు ఉపగ్రహాలు, 2035 ప్రాంతంలో ప్రయోగం. ఈరోజు మీ క్లాసులో కూర్చున్న పిల్లలు అప్పటికి పీహెచ్‌డీ పూర్తి చేసే వయసులో ఉంటారు.

చివరగా, మీరు అడగకపోయినా చెప్తున్నాను. ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ డేకి ఖోడద్‌లో జీఎంఆర్‌టీని అందరికీ తెరిచి చూపిస్తారు. కుదిరితే పిల్లల్ని తీసుకెళ్లండి. లోపలికి వెళ్లే ముందు అందరి చేతా ఫోన్లు స్విచ్ఛాఫ్ చేయించండి. వేల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చే పల్స్ ముందు జేబులో ఉన్న ఫోన్ సిగ్నల్ పిడుగులాంటిది. ఒక డిష్ కింద నిలబెట్టి తలెత్తి చూడమనండి, వల కన్నాల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. కెప్లర్ లెక్క ముందురోజే బోర్డు మీద చేయించి తీసుకెళ్తే, అక్కడి వాళ్లను ఏం అడగాలో పిల్లలకే తెలుస్తుంది. లెక్కలో ఎక్కడైనా అడ్డం పడితే ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.